అసైన్‌మెంటులో "నేను" ఉండాలా, వద్దా?

మా మేనల్లుడు ఎంబీబీఎస్ మొదటి సంవత్సరం చదువుతున్నాడు. పోయిన ఆదివారం తన అసైన్‌మెంటు పేజీ ఒకటి ఫొటో తీసి పంపాడు. శవ విచ్ఛేదన గదిలో మొదటి రోజు అనుభవం గురించి రాయమన్నారట. వాడు ఇంగ్లిషులో రాసినదాన్ని తెలుగులో చెబితే ఇలా ఉంటుంది: "విద్యార్థులు బ్యాచ్‌లుగా విభజించబడ్డారు. శవం బల్లపై ఉంచబడింది. ఛాతీ భాగంలో కోత పెట్టబడింది. పరిశీలనలు నమోదు చేయబడ్డాయి." అడుగున ఎర్ర సిరాతో మేడమ్ ప్రశ్న: "నీకేమనిపించింది?" పక్కన పదికి మూడు.

వెంటనే ఫోను చేశాడు. "మామయ్యా, ఏమనిపించిందో రాస్తే మార్కులు వేస్తారా? ఇంటర్‌లో 'నేను' అని రాస్తే రికార్డు పేజీ కొట్టేసేవాళ్లు కదా!"

నవ్వొచ్చింది. ఆ వెంటనే ఒళ్లు మండింది. పాతికేళ్ల కిందట ఇదే దెబ్బ నేనూ తిన్నాను. ఒకసారి కాదు, రెండుసార్లు, అదీ ఎదురెదురు దిక్కుల నుంచి.

నేను బీఎస్సీ చదివినవాణ్ణి. ఫిజిక్స్ రికార్డు సంగతి సైన్సు చదివినవాళ్లకు చెప్పనక్కర్లేదు. కుడివైపు గీతల పేజీ, ఎడమవైపు బొమ్మకు తెల్ల పేజీ. ఉద్దేశం, పరికరాలు, సూత్రం, పద్ధతి, పట్టిక, జాగ్రత్తలు, ఫలితం. ఈ వరుస తప్పితే సంతకం పడదు. లఘులోలకం ప్రయోగంలో జవాబు, అంటే గురుత్వ త్వరణం, 980కి దగ్గరగా రావాలని ముందే తెలుసు కాబట్టి, మాలో కొందరం కింది నుంచి పైకి లెక్క కట్టి పట్టిక నింపిన రోజులూ ఉన్నాయి. (ఇప్పుడు ఒప్పుకుంటే ఏమైంది, డిగ్రీ వెనక్కి తీసుకోరుగా.) ఆ రాతలో మనిషి కనిపించడు. కాలం కొలవబడుతుంది, ఎవరు కొలిచారన్నది అనవసరం. అందులో తప్పేమీ లేదు. ఎవరు చేసినా అదే ఫలితం రావాలన్నది ఆ శాస్త్రం పట్టుదల, అందుకే చేసినవాణ్ణి వాక్యంలోంచి తప్పిస్తుంది. కానీ ఈ కారణం మాకెవరూ చెప్పలేదు. ఇలా రాయాలి అన్నారు, రాశాం. మంచి రాతంటే ఇదే, ఎక్కడైనా ఇంతే అని మూడేళ్లలో ఒంటికి పట్టేసింది.

తరువాత చరిత్ర మీద మోజుతో ఎంఏలో చేరాను. మొదటి అసైన్‌మెంటు మోటుపల్లి అభయ శాసనం. చినగంజాం దగ్గర సముద్రపు ఒడ్డున ఉన్న ఊరు మోటుపల్లి. 1244–45 ప్రాంతంలో కాకతీయ గణపతిదేవుడు అక్కడికి వచ్చే ఓడ వర్తకులకు అభయమిస్తూ వేయించిన శాసనం అది. తుఫానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకును పూర్వపు రాజులు బలవంతంగా తీసుకునేవారనీ, తాము మాత్రం నిర్ణీత సుంకం తప్ప ఏమీ తీసుకోబోమనీ దాని సారాంశం. నేను శ్రద్ధగా రాశాను. ఉద్దేశం, ఉపోద్ఘాతం, శాసనంలోని అంశాలు ఒకటి నుంచి తొమ్మిది దాకా, అడుగున "ఫలితం: కాకతీయుల కాలంలో సముద్ర వాణిజ్యం అభివృద్ధి చెందినది." స్కేలు పెట్టి అడ్డగీత కూడా గీశాను.

కాగితం తిరిగొచ్చింది. మార్జిన్‌లో మా సార్ రాసిన మాట ఇప్పటికీ కళ్లముందు ఉంది: "ఇందులో నువ్వెక్కడ?"

నాకు బుర్ర పనిచేయలేదు. నేనెందుకుండాలి? శాసనం ఉంది కదా! వారం రోజులు తిరిగితే ఒక సీనియర్ టీ తాగుతూ తేల్చేశాడు: "అభయం ఇచ్చాడంటే అంతకుముందు భయం ఉందన్నమాట. ఎవరి వల్ల భయం? ఇన్నాళ్లూ దోచుకుంటే లేని బాధ ఇప్పుడే ఎందుకొచ్చింది? పాత రాజులను చెడ్డవాళ్లుగా చూపడంలో ఈయనకేం లాభం? ఈ ప్రశ్నలు వేసేవాడు కావాలి. శాసనంలో ఏముందో సార్‌కి తెలియదా?" అంతే, తలుపు తెరుచుకుంది. రాయి మీద ఉన్నది సమాచారం, దాన్ని నేను ఎలా నిలదీశానన్నది వ్యాసం. రెండు నిమిషాల మాట. తరగతిలో ఎవరూ చెప్పలేదు. తరువాత ఎప్పుడో సార్‌నే అడిగాను, ముందే చెప్పి ఉండొచ్చు కదా అని. ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. "అది అందరికీ తెలిసిందే కదయ్యా!"

నా కోపమంతా ఆ "అందరికీ తెలిసిందే" మీదే.

ఎంఏ అయ్యేసరికి నిలదీయడం బాగానే వంటబట్టింది. ఆ ఊపులో మూడేళ్ల లా కోర్సులో చేరాను. కాంట్రాక్ట్ చట్టంలో ఒక సమస్య ఇచ్చారు. పదిహేడేళ్ల కుర్రాడు ఇల్లు తాకట్టు పెట్టి అప్పు తీసుకున్నాడు, అప్పిచ్చినవాడు ఆ తాకట్టును అమలు చేయించుకోగలడా? నేను చెలరేగిపోయాను. వడ్డీ వ్యాపారుల చరిత్ర, మైనర్ల అమాయకత్వం, చట్టం వెనక వలస పాలకుల ఆలోచన, మొత్తం రెండున్నర పేజీలు. పదికి రెండున్నర వచ్చాయి, పేజీకి ఒకటి చొప్పున. లెక్చరర్ వ్యాఖ్య: "మీ అభిప్రాయం ఎవరడిగారు? సెక్షన్ ఏది?" వారికి కావలసినది నాలుగు మెట్లు. తేలవలసిన ప్రశ్న ఏమిటి, వర్తించే సూత్రం ఏమిటి (1872 నాటి కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 11, మైనర్ ఒప్పందం మొదటి నుంచీ చెల్లదన్న 1903 నాటి మొహొరీ బీబీ తీర్పు), ఈ కుర్రాడి విషయంలో అది ఎలా వర్తిస్తుంది, చివరికి తేలినది ఏమిటి. అరపేజీలో అయిపోయే పని. ఏ నిలదీతను చరిత్ర సార్ కోరుకున్నారో దానికే ఇక్కడ మార్కులు కోసేశారు.

దావా పత్రాలు రాయడం మొదలుపెట్టాక ఇంకో వేషం. బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం డ్రాఫ్టింగ్ పేపరులో దావా పత్రాలు 15, దస్తావేజులు 15 రాయాలి, ఒక్కో వర్గానికి 45 మార్కులు. "వాది సవినయంగా మనవి చేసుకొనునది ఏమనగా" అని మొదలుపెట్టగానే నేను మళ్లీ మాయం. అయితే ఫిజిక్స్‌లో లాగా ఎవరూ లేకపోవడం కాదిది. ఇంకొకరి గొంతుతో మాట్లాడటం.

ఇప్పుడు చెప్పండి, ఒకే మనిషి, ఒకే చేతిరాత. రెండు చోట్లా "రాయడం రాదు" అనిపించుకున్నాడు. రాయడం రాకపోవడమా అది? మన కాలేజీల్లో రాత అంటే ఈత లాంటిదనుకుంటారు, ఒకసారి వస్తే ఏ చెరువులోనైనా వస్తుందని. అందుకే మొదటి సంవత్సరంలో అన్ని కోర్సులకూ కలిపి ఒకే కమ్యూనికేషన్ పేపరు పెట్టి, సెలవు చీటీ, ఫిర్యాదు లేఖ, "కాలుష్యం" మీద వ్యాసం నేర్పించి చేతులు దులుపుకుంటారు. ఇంజినీరింగ్ పిల్లవాడికి కావలసినది, తాను కట్టబోయే వస్తువు ఏం చేయాలో, ఏం చేయకూడదో మరొకడు చదివి కట్టగలిగేలా రాయడం. వాడికి కాలుష్యం వ్యాసంతో ఏం పని? ఇక కామర్స్, ఎంబీఏ ప్రాజెక్టుల గురించి మాట్లాడకపోవడమే మేలు. వంద మందికి ప్రశ్నావళి, పదిహేను రంగుల చక్రాలు, "యాభై మంది సంతృప్తిగా ఉన్నారు, కనుక సంస్థ సంతృప్తిని పెంచాలి." చెప్పేవాడు లేక పాత ప్రాజెక్టు చూసి కొత్తది రాసుకుంటున్నారు, పాపం.

ఈ తేడాలు నా ఊహ కాదు. బ్రిటన్‌లో వార్విక్, రీడింగ్, ఆక్స్‌ఫర్డ్ బ్రూక్స్ విశ్వవిద్యాలయాలవాళ్లు మంచి మార్కులు వచ్చిన విద్యార్థుల అసైన్‌మెంట్లు 2,761 పోగేశారు. బావె (బ్రిటిష్ అకడమిక్ రిటన్ ఇంగ్లిష్) అంటారు ఆ సంకలనాన్ని. హిలరీ నెసి, షీనా గార్డ్‌నర్ వాటిని చదివి, రాత తీరును బట్టి 13 కుటుంబాలుగా విడదీశారు. వ్యాసం అందులో ఒకటి మాత్రమే. సమస్యా పరిష్కారం, రూపకల్పన వివరణ, విమర్శ, కేస్ స్టడీ, చివరికి నిపుణుడు కానివాడికి అర్థమయ్యేలా రాసే ఉత్తరం కూడా ఆ కుటుంబాల్లో ఉన్నాయి. మన పిల్లలు వేలకు వేలు అక్కడికి మాస్టర్స్‌కు వెళ్తున్నారు. మా పక్కింటి అమ్మాయికి మొదటి టర్మ్‌లోనే ఒక వ్యాసం, ఒక రిపోర్టు, ఒక స్వీయ పరిశీలన ఒకేసారి వచ్చిపడ్డాయి. మూడూ ఒకేలా రాసి పంపింది. ఆ అమ్మాయికి ఇంగ్లిషు రాక కాదు, ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిషు మీడియమే.

యూజీసీ వాళ్లు 2018లో కాపీ రాతల మీద నిబంధనలు తెచ్చారు, థీసిస్‌లో ఇతరుల రాతలతో పోలిక పది శాతం దాటకూడదని. ఆ నిబంధనల్లోనే ఇంకో మాట ఉంది. చట్టాలు, ప్రామాణిక సమీకరణాలు, మూలం చెప్పి ఉటంకించిన భాగాలు ఆ లెక్కలోకి రావని. అంటే విషయాన్ని బట్టి రాత మారుతుందని కనీసం ఆ కాగితానికి తెలుసు. కాగితం చదవకుండా శాతం మాత్రం చూసి పిల్లలను బెదిరించేవాళ్లకే తెలియదు.

నేనడుగుతున్నది పెద్ద కోరిక కాదు. కొత్త కోర్సు వద్దు, కమిటీ అసలే వద్దు. ప్రతి సబ్జెక్టు టీచరూ సెమిస్టర్ మొదట్లో ఒక్క గంట కేటాయించి, పాత బ్యాచ్‌లో బాగా రాసిన కాగితం ఒకటి, చెడగొట్టినది ఒకటి పేర్లు చెరిపేసి పక్కపక్కన పెట్టి చదివించాలి. మా విద్యలో రుజువు అంటే ఇది, నువ్వు ఇక్కడ నిలబడి మాట్లాడాలి, లేదా నువ్వు అసలు కనబడకూడదు, కారణం ఇది అని చెప్పాలి. ఎంబీబీఎస్‌లో 2019 నుంచి ఇలాంటి స్వీయ పరిశీలనలు పెట్టారు. "శవమే మన మొదటి గురువు" అనే పాఠం కూడా ఉంది. మంచి ఆలోచనే, నాకు నచ్చింది. కానీ బైపీసీలో రెండేళ్లు "నేను"ను కొట్టేయించుకుని వచ్చిన పిల్లవాడు దాన్ని ఎక్కడి నుంచి తెచ్చుకుంటాడు?

మావాడు రాత్రి మళ్లీ రాసి పంపాడు. మొదటి వాక్యం ఇది: "ఆయన కుడి చేతికి ఉంగరం మచ్చ ఉంది, నేను చాలాసేపు దాన్నే చూశాను." కింద ఒక సందేశం పెట్టాడు: "మామయ్యా, 'ఆయన' అనొచ్చా, 'శవం' అనాలా?"

ఆ ప్రశ్నను మేడమ్‌నే అడగమన్నాను.