ఇంజిన్ పైకి తీయడంలోని పరమార్థం

పాత తెరచాప పడవలోని ఇంజిన్‌ను బయటికి తీసి బాగుచేసుకోవడం కష్టమని యజమానులు చేస్తున్న గోల వింటుంటే, ఆ పడవలను నిర్మించినవారి దూరదృష్టిని లోకం ఇంకా గుర్తించలేదని విచారించవలసి వస్తోంది. ఫైబర్‌గ్లాస్ పడవల్లో చాలావాటికి ముందు అడుగుభాగాన్ని పోతపోసి, ఇంజిన్‌ను అందులో బిగించి, ఆ తరువాతే పైభాగాన్ని మూతలా అతికిస్తారు. అభిమన్యుడికి కనీసం లోపలికి వెళ్లే దారైనా ఉండేది. ఇక్కడ ఆ దారిని కూడా శాశ్వతంగా మూసేశారు.

కాబట్టి ఇంజిన్‌ను కప్పి ఉంచిన కేబిన్ మెట్లు ఊడదీయాలి. ముందువైపు మౌంటింగ్ బోల్టులు కంటికి కనిపిస్తాయి. వెనుకవైపువి తడుముకుంటే ఒక చేతికి మాత్రమే తగులుతాయి, ఆ చేతిలో స్పానరు ఉంటే అదీ లేదు. ఇంజిన్‌ను ప్రొపెల్లర్ కడ్డీతో కలిపే షాఫ్ట్ కప్లింగ్ బోల్టుల సంగతి తుప్పుకే తెలియాలి. డీజిల్ ఇంజిన్‌ను కనిపెట్టిన రుడాల్ఫ్ డీజిల్ 1913 సెప్టెంబరు 29 రాత్రి ఓడ ప్రయాణంలో ఉండగానే అదృశ్యమయ్యాడు. కారణమేమిటని చరిత్రకారులు నేటికీ తర్జనభర్జన పడుతున్నారు గానీ, మెట్ల కింద బోర్లా పడుకుని ఆ బోల్టులతో పెనుగులాడినవారికి అందులో అంతుపట్టనిదేమీ లేదు.

గాలిని తప్ప దేనినీ నమ్మనని చెప్పుకునే నావికుడు, తెరచాప కట్టవలసిన బూమ్ అనే అడ్డదూలానికే బరువులెత్తే గొలుసు కప్పీ (చైన్ బ్లాక్) తగిలించి, నూరు కిలోలు దాటిన ఇనుమును అంగుళం అంగుళం పైకి లాగే దృశ్యం మాత్రం చూసి తీరవలసిందే. ఆ బూమ్‌కు అంతటి బాధ్యత అంతకుముందెన్నడూ దక్కి ఉండదు.

విప్పి చూస్తే, ఉప్పునీరు పొగతో కలిసే ఎగ్జాస్ట్ మోచేతి గొట్టంలో మసి, తుప్పు గట్టిపడి, బొటనవేలు పట్టిన చోట పెన్సిలు కూడా దూరదు. ఇంజిన్ నీరసానికి అసలు కారణం అదేననీ, దానిని ఇంజిన్ కదపకుండానే మార్చవచ్చుననీ కొందరు అంటారు. అటువంటివారితో స్నేహం తగదు. ఇంజిన్ ఎలాగూ బయటికి వచ్చింది గనుక పనిలో పనిగా పిస్టన్ రింగులు మార్చాలి, ఇంజెక్టర్లు పరీక్షించాలి. ఖాళీ అయిన గుంత కనిపిస్తోంది గనుక పనిలో పనిగా దానికి రంగు వేయాలి. రంగు వేశాక పాత గొట్టాలూ వైర్లూ మరీ వెలవెలబోతాయి గనుక పనిలో పనిగా అవీ మారాలి.

తిరిగి బిగించేటప్పుడు కప్లింగ్ ముఖాల మధ్య సందులో తేడా, ఆ ముఖాల వ్యాసంలో ప్రతి అంగుళానికీ అంగుళంలో వెయ్యోవంతు మించరాదు. నాలుగంగుళాల కప్లింగ్‌కైతే సుమారు 0.1 మిల్లీమీటరు. ఒడ్డు మీద సన్నని సందులను కొలిచే ఫీలర్ గేజ్‌తో ఇది సాధించాక పడవను నీటిలోకి దించితే, అడుగుభాగం తన సహజాకృతికి సర్దుకుని ఆ లెక్కను తప్పిస్తుంది గనుక యజమాని మళ్లీ మెట్ల కిందికి వెళ్లవలసిందే.

ఇంతటి పటిష్ఠమైన ఏర్పాట్ల మధ్య కూడా కొన్ని పడవల్లో ఆయిల్ ఫిల్టరు నేరుగా చేతికి అందుతోంది. నిర్మాతలు ఈ లోపాన్ని వెంటనే సరిదిద్దవలసి ఉంది.