నల్లరంగు ట్యూబు గారికి పక్క అర నుంచి

మహారాజశ్రీ నల్లరంగు ట్యూబు గారికి నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి. నీటిరంగుల పెట్టెలో అందరికంటే ముందు నలిగి ఖాళీ అయ్యేది తమరే. నీడ అనగానే తమకే కబురు. భీమిలి ఒడ్డున పొద్దున 8 గంటలకి ఇసుక మీదికి లాగిన పడవ కింద తమరు పరుచుకుంటే అది నీడలా ఉండదు, గొయ్యి తవ్వినట్టు ఉంటుంది.

నీడలో ఎండ పడదు గానీ ఆకాశపు వెలుగు పడుతూనే ఉంటుంది. అందుకే పొడి ఇసుక మీద నీడ నీలంగా, కాస్త ఊదాగా కనిపిస్తుంది. పక్క అరలో ఉన్న మా ఇద్దరిలో నీలం 2 పాళ్ళు, ఎర్రమట్టి గోధుమ 1 పాలు కలిస్తే సరిపోతుంది. పడవ దగ్గర చిక్కగా, అంచు తెగినట్టు. కొసకు పోయేకొద్దీ నీళ్ళు ఎక్కువ, అంచు మెత్తన. పడవ పొట్ట సంగతి వేరు. ఎండలో ఉన్న ఇసుక నుంచి తిరిగి తగిలే వెలుగుతో దాని అడుగు వెచ్చగా, గోధుమ ఛాయలో ఉంటుంది. తారు పూసిన పడవైనా అంతే. అక్కడ కూడా తమకు ఖాళీ లేదు, ఏమనుకోకండి.

యెల్లో ఓకర్‌తో, అంటే మట్టి పసుపుతో, తమ స్నేహం మరీ ప్రమాదం. ఇసుక నీడ కోసం కలిపితే పాచి రంగు తేలుతుంది.

అసలు తమను పిలిచే కారణం ఒకటుంది. నీటిరంగు ఆరాక వెలుస్తుంది. అందుకే తడిగా ఉన్నప్పుడు ఒక మెట్టు ముదురుగా కనిపించేలా వేయాలి. అది మరిచి, ఆరాక నీడ తేలిపోయిందని తమను తెస్తారు. సముద్రపు గాలిలో తేమ వల్ల పూత ఆరడం ఆలస్యం. ఆగలేక సగం తడి మీద నీళ్ళ కుంచె పెడితే కాలీఫ్లవర్ పువ్వులా అంచులు విచ్చుకున్న మరకలు. వాటిని కప్పడానికీ తమరే!

అలల జోలికి మాత్రం రావద్దు. పొద్దున సూర్యుడు అల వెనక ఉంటాడు. విరగబోయే అల పైభాగం పల్చన, వెలుగు అందులోంచి దూరి వస్తుంది; అక్కడ లేత ఆకుపచ్చ, ముదురంతా అల పాదంలో. నురగ కూడా మనవైపు నీడలోనే, బూడిద కలిసిన ఊదా. తెల్లకాగితం వదలాల్సింది ఎండ తగిలే పై అంచుకే. తడి ఇసుక ముదురే గానీ అద్దం లాంటిది: పడవ ప్రతిబింబం నిలువునా కిందికి దిగుతుంది, నీడ సూర్యుడికి ఎదురు దిక్కున పడుతుంది. రెంటినీ కలిపి ఒకే మరక చేయడం తమ నిర్వాకం.

సూర్యుడు గంటకు 15 డిగ్రీలు జరుగుతాడు. మొదటి 10 నిమిషాల్లో నీడల హద్దులు పెన్సిలుతో గీసి, ఇక కదపకూడదు. లేకుంటే పడవ నీడ ఒక దిక్కు, గుంజ నీడ ఒక దిక్కు.

తమకు పని లేదనడం లేదు. భీమిలిలో సాయంత్రం సూర్యుడు కొండల వైపు దిగుతాడు, నీడలు సముద్రం వైపు సాగుతాయి. అయినా నీళ్ళలో మునిగే సూర్యుణ్ణి వేసి కింద ‘భీమిలి’ అని రాసేవాళ్ళున్నారు. ఆ అక్షరాలకు నలుపు కావాలట. వెళ్ళిరండి.

ఇట్లు,
అల్ట్రామెరైన్ నీలం (2 పాళ్ళు)
బర్న్ట్ సియెన్నా అనే ఎర్రమట్టి గోధుమ (1 పాలు)