పరీక్ష వద్దంటే శాస్త్రమెలా అవుతుంది?

చిత్తూరు బస్టాండులో ఈ వారం ప్రయాణికులకు పంచిన కరపత్రం ఒకటి మా బల్ల మీదికి వచ్చింది. సోరియాసిస్, బొల్లి, చర్మం నుంచి కిడ్నీల దాకా దెబ్బతీసే లూపస్, పేగుపూత (అల్సరేటివ్ కొలైటిస్), పేగులు వాచే క్రోన్స్... అన్నిటికీ ఒకటే పొడి. మూడు నెలల్లో వేళ్లతో సహా పోతాయట. కింద ఎర్ర అక్షరాల్లో ఇంకో మాట: మందు మొదలుపెట్టిన రోజు నుంచే ఇంగ్లీషు మందులు మానేయాలి. తిరుపతి రైల్వే స్టేషన్ దగ్గర ఓ లాడ్జిలో నెలకోసారి క్యాంపు. సెల్ నంబరు ఉంది. వైద్యుడి పేరు లేదు, రిజిస్ట్రేషన్ నంబరు లేదు. ఆ పొడి కవరు కూడా చూశాం. పారదర్శకమైన ప్లాస్టిక్ సంచి, దానికి పిన్ను కొట్టిన పథ్యం చీటీ. వంకాయ వద్దు, చేపలు వద్దు, పెరుగు వద్దు. రోగి ఏం తినకూడదో రాశారు గానీ రోగి చేత ఏం తినిపిస్తున్నారో రాయలేదు.

ఇలాంటివాటి కోసమే 1954లో డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం తెచ్చారు. నయం చేస్తామని ప్రకటించుకోరాదంటూ 54 జబ్బులను అందులో జాబితా కట్టారు. బొల్లి, లూపస్ రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. మొదటిసారి దొరికితే ఆరు నెలల దాకా జైలు. ప్రకటన ఇచ్చినవాడికే కాదు, దాన్ని ప్రచారం చేయడంలో పాలుపంచుకున్న ఎవరికైనా, పత్రికలు, కేబుల్ చానళ్లతో సహా, ఈ చట్టం వర్తిస్తుంది. డెబ్బై ఏళ్లు దాటిన ఈ చట్టం తిరుపతి గోడల మీది పోస్టర్లను ఒక్కసారైనా చదివిందా అన్నది అనుమానమే.

ఆ తర్వాతి కథ పాఠకులకు తెలిసిందే. ఆయుర్వేద మందుల ప్రకటనకు ముందే అనుమతి తీసుకోవాలని 2018 డిసెంబరులో డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ నిబంధనల్లో 170వ నిబంధన పెట్టారు. పెట్టిన కేంద్రమే 2023 ఆగస్టులో, దాని కింద చర్యలు తీసుకోవద్దని రాష్ట్రాలకు లేఖ రాసింది. పతంజలి ప్రకటనల కేసులో సుప్రీంకోర్టు నిలదీస్తుండగానే 2024 జూలై 1న ఆ నిబంధననే ఎత్తేసింది. కోర్టు ఆ ఆగస్టులో స్టే ఇచ్చింది. 2025 ఆగస్టులో కేసు ముగిసింది, స్టే కూడా పోయింది. ఆయుర్వేదం ఘనమైన శాస్త్రమని ప్రతి వేదిక మీదా చెప్పే ప్రభుత్వమే, శాస్త్రానికి ఉండాల్సిన తనిఖీని మాత్రం దానికి వద్దంది. మాకు అర్థం కానిది ఇదే. శాస్త్రమే అయితే పరీక్షకు భయమెందుకు?

ఈ జబ్బుల తీరే దొంగ వైద్యుడికి పెట్టుబడి. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే ఒంటి మీద తిరగబడటం వల్ల వచ్చే ఆటోఇమ్యూన్ జబ్బులివి. మామూలుగా నెల రోజులు పట్టే చర్మకణాల ఎదుగుదల సోరియాసిస్‌లో నాలుగైదు రోజుల్లో జరిగిపోతుంది. పొలుసులు కట్టేది అందుకే. వీటికి అదుపు ఉంది, శాశ్వతంగా నయం చేసే మందు ఇంకా లేదు. పైగా ఇవి పెరుగుతూ తగ్గుతూ ఉంటాయి. చలికాలంలో రేగిన సోరియాసిస్ ఎండలు ముదిరితే చాలామందిలో దానంతటదే సద్దుమణుగుతుంది. పేగుపూత నెలల తరబడి జాడ లేకుండా పోయి మళ్లీ రక్తవిరేచనాలతో బయటపడుతుంది. రోగి వైద్యుణ్ని వెతుక్కుంటూ వెళ్లేది బాగా ముదిరినప్పుడే. ఆ తర్వాత కొంత తగ్గడం సహజం. ఆ తగ్గుదల పొడి ఖాతాలో పడుతుంది. మళ్లీ రేగితే? పథ్యం తప్పావంటారు. ఈ లెక్కలో వైద్యుడు ఓడే దారే లేదు.

కొన్ని పొడులు నిజంగానే వారంలో గుణం చూపిస్తాయి. అలాంటప్పుడే ఎక్కువ అనుమానించాలి. ఇలాంటి మందుల్లో స్టెరాయిడ్ కలిపి అమ్మడం మన దేశంలో కొత్తేమీ కాదు. ఒంటికి అలవాటైన స్టెరాయిడ్ ఒక్కసారిగా ఆగితే సోరియాసిస్ చీముపొక్కులుగా మారవచ్చు, ఒళ్లంతా ఎర్రబారి పొలుసులు రాలి ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరు రాసిన కొన్ని మందులను హఠాత్తుగా మానిపించినా అలాంటి ప్రమాదమే రావచ్చు. లోహాలను, ఖనిజాలను కాల్చి చేసే భస్మాల సంగతి మరొకటి. ఇంటర్నెట్‌లో అమ్మే 193 ఆయుర్వేద ఉత్పత్తులను అమెరికాలో పరీక్షిస్తే దాదాపు 21 శాతంలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి బయటపడిందని 2008లో వైద్య పత్రిక జామా ప్రచురించింది. ఇంటి పెరటి మొక్కే కదా అనుకునే తిప్పతీగ వాడి కాలేయం దెబ్బతిన్నవారి గురించి కోవిడ్ రోజుల్లో ముంబయి వైద్యులు రాశారు. ఆయుష్ శాఖ దాన్ని కొట్టిపారేసింది. కానీ ఆటోఇమ్యూన్ ధోరణి ఉన్నవారే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలన్న హెచ్చరిక అందులో ఉంది. కరపత్రం పిలుస్తున్నది సరిగ్గా వాళ్లనే.

ఇంగ్లీషు మందులకు దుష్ఫలితాలు లేవా, రోగనిరోధక వ్యవస్థను అదుపు చేసే ఖరీదైన బయాలజిక్ ఇంజెక్షన్లు సామాన్యుడు కొనగలడా అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అయితే ఆ దుష్ఫలితాలు మందు పెట్టెలోని కాగితం మీద అచ్చయి ఉంటాయి. ప్లాస్టిక్ సంచిలో ఏముంది?

ఆయుర్వేదం మీద మాకు కోపం లేదు. తిరుపతిలో టీటీడీ నడిపే ఎస్వీ ఆయుర్వేద కళాశాల, ఆసుపత్రి దశాబ్దాలుగా ఉన్నాయి. అక్కడ చదివి రిజిస్టరైన వైద్యులు గ్రహణికి, అంటే దీర్ఘకాలపు పేగుల జబ్బుకు, మజ్జిగ, పథ్యం చెబుతారు. అవసరమైతే పంచకర్మ చేస్తారు. కేసు షీటు రాస్తారు. మన పసుపులోని కర్కుమిన్‌నే తీసుకోండి. 2006లో జపాన్ పరిశోధకులు పేగుపూత అదుపులో ఉన్న 89 మందిపై ఆరు నెలలు పరీక్షించారు. మామూలు మందులతో పాటు కర్కుమిన్ ఇచ్చినవారిలో జబ్బు తిరగబెట్టింది దాదాపు 5 శాతానికి, ఉత్తుత్తి మాత్ర ఇచ్చినవారిలో 20 శాతానికి. చిన్న అధ్యయనమే గానీ పద్ధతి సరైనది. గమనించండి, అక్కడ ఎవరి మందులూ మాన్పించలేదు. పరీక్షకు నిలబడితే గౌరవం దానంతటదే వస్తుంది. నిలబడకుండా గౌరవం అడిగే బాపతు వల్ల ముందు పరువు పోయేది ఆ కళాశాలలో అయిదున్నరేళ్లు చదివిన బీఏఎంఎస్ డాక్టరుదే.

తన రోగుల కోసం వైద్యుడు స్వయంగా తయారుచేసుకునే మందుకు తయారీ లైసెన్సు అక్కర్లేదన్న మినహాయింపు చట్టంలో ఉంది. ఊరి వైద్యుడు రోలులో నూరి ఇచ్చే చూర్ణానికి ఉద్దేశించిన మాట అది. బస్టాండులో వేలకొద్దీ కరపత్రాలు పంచి, వేలూరు నుంచీ కోలారు నుంచీ వచ్చినవాళ్లను లాడ్జి గదిలో కూర్చోబెట్టి, వాళ్లంతా ‘సొంత రోగులే’ అంటే నమ్మడానికి అధికారులు అంత అమాయకులా? దీన్ని చూసీ చూడనట్టు వదిలేస్తే రేపు మధుమేహానికి ఒక లాడ్జి, కిడ్నీలకు ఒక లాడ్జి పుడతాయి. ఇప్పటికే పుట్టలేదని ఎవరు చెప్పగలరు?

170వ నిబంధన పోయినా 1954 చట్టం ఎక్కడికీ పోలేదు. లేబుల్ మీద దినుసుల పేర్లు, బ్యాచ్ నంబరు ఉండి తీరాలన్న నియమమూ పోలేదు. డ్రగ్స్ ఇన్‌స్పెక్టర్లకు శాంపిల్ తీసే అధికారం ఉంది, దానికి అమరావతి నుంచి ఉత్తర్వు రానక్కర్లేదు. తిరుపతి, చిత్తూరు జిల్లాల అధికారులను అడిగితే ఎప్పుడూ వినిపించే జవాబు ఒకటే: మాకు ఫిర్యాదు రాలేదు. ఒళ్లంతా చర్మం ఊడి ఐసీయూలో పడున్న మనిషి లేచి వచ్చి మీకు అర్జీ రాసివ్వాలా?