లె మాన్‌లో టెంటు రాత్రి కోసమే: తిరుగుతున్న ఒక మెసేజ్‌కి జవాబు

కార్ల రేసులు చూసే మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. ఫ్రాన్స్‌లో ఏటా జూన్‌లో జరిగే లె మాన్ 24 గంటల రేసుకి మొదటిసారి వెళ్ళేవాళ్ళకి సలహాలు అందులో ఉన్నాయి. టూకీగా ఇదీ విషయం: కాంపింగ్ దండగ, ప్యారిస్‌లో హోటల్ తీసుకుని రైల్లో వెళ్ళి రండి, రాత్రి చూడ్డానికేం ఉండదు. టెంటే కావాలంటే, రేసు టికెట్ ఉంటే చాలు, ఎక్కడో ఒకచోట వేసుకోవచ్చు. జూన్ కాబట్టి పల్చటి దుప్పటి సరిపోతుంది. గ్రాండ్‌స్టాండ్ సీటు లేకపోతే ఏమీ కనపడదు. వంటకి కావలసినవన్నీ ఇంటి నుంచే పట్టుకెళ్ళండి. ఆదివారం రాత్రికే ఫ్లైట్ ఎక్కేయండి.

నేనూ మా బావా 2024లో వెళ్ళి నాలుగు రాత్రులు టెంటులో ఉన్నాం. ఈ మెసేజ్ నమ్మి మా ఆఫీసులో ఒక కుర్రాడు ప్యారిస్ హోటల్‌కి డబ్బు కట్టబోతుంటే చూస్తూ ఊరుకోలేకపోయాను.

ముందు రాత్రి సంగతి. మెసేజ్‌లో అన్నిటికంటే పెద్ద తప్పు ఇదే. రేసు శనివారం సాయంత్రం నాలుగింటికి మొదలై ఆదివారం సాయంత్రం నాలుగింటికి ముగుస్తుంది. జూన్ మధ్యలో అక్కడ పొద్దు గుంకేది రాత్రి పదింటికి, మళ్ళీ తెల్లారేది ఆరింటికి. అంటే 24 గంటల్లో చీకటి ఉండేదే ఎనిమిది గంటలలోపు. 1923లో ఈ రేసు మొదలుపెట్టినప్పుడు, మామూలు కార్ల హెడ్‌లైట్లు రాత్రంతా నిలబడతాయా లేదా అన్నది కూడా ఒక పరీక్షే. రాత్రిని తీసేస్తే ఇది లె మాన్ కాదు.

అర్ధరాత్రి దాటాక ఆర్నాజ్ మలుపు దగ్గర కంచె పక్కన నిలబడ్డాం. ముందు చెట్ల మీద వెలుగు పడుతుంది. తర్వాత చప్పుడు వస్తుంది, ఆ తర్వాతే కారు. ట్రాక్ మొత్తంలో బాగా నెమ్మదైన మలుపుల్లో అదొకటి కాబట్టి గట్టిగా బ్రేకు వేస్తారు. చక్రాల లోపల డిస్కులు కొలిమిలో పెట్టిన ఇనుములా ఎర్రబడి, కారు మలుపు తిరిగేలోపే మళ్ళీ నల్లబడిపోతాయి. మా బావ దాదాపు గంటసేపు ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన మాట్లాడకుండా ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

ప్యారిస్‌లో మోంపర్నాస్ స్టేషన్ నుంచి లె మాన్‌కి టీజీవీ అనే హైస్పీడ్ రైల్లో గంట ప్రయాణం. స్టేషన్ నుంచి సర్క్యూట్ దాకా ట్రామ్ కూడా ఉంది. అంతవరకు మెసేజ్ చెప్పింది నిజమే. కానీ ఆ రైళ్ళు రాత్రంతా నడవవు. ప్యారిస్‌లో పడుకోవాలంటే సరిగ్గా చీకటి పడే వేళకే ట్రాక్ వదిలి రావాలి. మేడారం దాకా వెళ్ళి, సమ్మక్క చిలకలగుట్ట దిగి గద్దెకు వచ్చే పూట హన్మకొండ లాడ్జిలో పడుకుంటే ఎలా ఉంటుంది? ఇదీ అంతే.

ఒక మాట ఒప్పుకోవాలి. మేం వెళ్ళిన ఏడాది తెల్లవారుజామున కుండపోత వాన. ప్రమాదం ఉన్నప్పుడు అందర్నీ నెమ్మదిగా నడిపించే సేఫ్టీ కారు వెనకాల నాలుగు గంటలకు పైగా కార్లు వరసగా తిరిగాయి. ఆ సమయంలో నిద్రపోయినవాళ్ళు పోగొట్టుకున్నదేం లేదు, మేమూ పడుకున్నాం. నిద్రకి వెళ్ళడానికి మాకు పది నిమిషాలు నడిస్తే సరిపోయింది. టెంటు వల్ల లాభం అదే: కన్ను మూసుకోవాలంటే మూసుకోవచ్చు, ఇంజన్ల చప్పుడు మారగానే లేచి వెళ్ళిపోవచ్చు.

"రేసు టికెట్ ఉంటే టెంటు ఎక్కడైనా" అన్న సలహా పట్టుకుని వెళ్తే గేటు దగ్గరే ఆగిపోతారు. రేసులోకి వెళ్ళే టికెట్ మనిషికొకటి. టెంటుకి చోటు టికెట్ వేరే, అదీ ఫలానా కాంపింగ్ అని పేరుతో ఉంటుంది. మెజోన్ బ్లాంష్, టెర్త్ర్ రూజ్, ఊ, బోసెజూర్, ఇలా చాలా ఉన్నాయి. మనిషి టికెట్ ఉండి చోటు లేకపోయినా పని జరగదు, చోటు ఉండి మనిషి టికెట్ లేకపోయినా జరగదు. రేసు వారాంతంలో మూడు లక్షలకు పైగా జనం వస్తారు. ఈ మధ్య ఏళ్ళలో టికెట్లు నెలల ముందే అయిపోతున్నాయి. అందుకని ముందు ఏడాది చలికాలంలోనే కొనుక్కోవాలి. వీసా సంగతీ దీనితోనే చూసుకోండి. ఫ్రాన్స్‌కి కావలసిన షెంగెన్ వీసాకి ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు. మామూలుగా 15 రోజుల్లో తేలుస్తారు, అవసరమైతే 45 రోజుల దాకా పట్టొచ్చని నియమాల్లోనే ఉంది. కనీసం 30,000 యూరోల కవరేజీ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. మే నెల దాకా ఆగితే రోజూ టెన్షనే.

జూన్ వేసవి అన్నది క్యాలెండర్ వరకే నిజం. పగలు ఎండ కాసినా, రాత్రి పది పన్నెండు డిగ్రీలకి పడిపోవడం అక్కడ మామూలు. మన రోహిణి కార్తెలోంచి తిన్నగా వెళ్ళిన ఒంటికి ఆ చలి ఎక్కువే. ఇంకో సంగతి, చలి పైనుంచి కంటే నేలలోంచి ఎక్కువ వస్తుంది. మంచి స్లీపింగ్ బ్యాగ్ కొని, కింద పరిచే మ్యాట్ మీద మేం పొదుపు చేశాం. మొదటి రాత్రి రెండింటికి లేచి, ఉన్న ప్యాంట్లూ తువ్వాళ్ళూ అన్నీ వీపు కింద పరుచుకున్నాం. పొద్దున చూస్తే టెంటు లోపలి గుడ్డంతా మన ఊపిరి తేమకే తడిసి, తగిలిన చోటల్లా నీళ్ళు. వెంటిలేషన్ కిటికీ కొంచెం తెరిచి పడుకోవాలని పక్క టెంటు ఆయన చెప్పాకే తెలిసింది.

గ్రాండ్‌స్టాండ్ గురించి ఆ మాట ఎందుకు పుట్టిందో నాకు అర్థమవుతుంది. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఇ ఎలక్ట్రిక్ కార్ల రేసు చూసినవాళ్ళకి రేసంటే ఒక సీటు, ముందు ఒక ముక్క ట్రాక్. లె మాన్ ట్రాక్ 13.626 కిలోమీటర్లు, ఏ సీట్లో కూర్చున్నా కనిపించేది ఒక ముక్కే. జనరల్ టికెట్‌తో ట్రాక్ మీదున్న డన్‌లప్ వంతెన దగ్గర గట్టు మీదకెక్కి చూడొచ్చు, టెర్త్ర్ రూజ్ మలుపుకి నడవొచ్చు, ఆర్నాజ్, ముల్సాన్ మలుపులకి వెళ్ళొచ్చు. సీటు ఉంటే వానలో సుఖమే, కాదనను. మొదటిసారి వెళ్ళేవాళ్ళు మాత్రం ఆ డబ్బుతో మంచి రెయిన్‌కోటు, నీళ్ళు పట్టని బూట్లు కొనుక్కోండి. ఒక చిన్న ఎఫ్‌ఎమ్ రేడియో కూడా పెట్టుకోండి. 91.2లో ఇంగ్లిష్ కామెంటరీ రాత్రంతా వస్తుంది, ఎవరు ముందున్నారో తెలియకపోతే కార్లు ఊరికే తిరుగుతున్నట్టే ఉంటుంది. పిల్లలుంటే చెవులకి మఫ్‌లు మర్చిపోకండి.

వంట సామాను సలహా నమ్మితే ఎయిర్‌పోర్టులోనే ఇబ్బంది. గ్యాస్ డబ్బాని విమానంలో ఏ సంచీలోనూ పెట్టనివ్వరు. యూరప్ బయటినుంచి వచ్చేవాళ్ళు పాలతో, మాంసంతో చేసినవి తీసుకురాకూడదు. అంటే నెయ్యి సీసా, పాలకోవా, చికెన్ పచ్చడి అన్నీ పోతాయి. పచ్చి కరివేపాకుకి కూడా సర్టిఫికెట్ కావాలి. ఆవకాయ, కందిపొడి, అటుకులు, నూనెలో వేయించిన రవ్వ హాయిగా వెళ్తాయి. గ్యాస్ అక్కడే కొనుక్కోండి, కొనేముందు మూతి చూడండి. ఫ్రాన్స్‌లో క్లిక్‌మని బిగుసుకునే డబ్బాలు బాగా వాడతారు, మర తిప్పి బిగించే స్టవ్వుకి అవి పట్టవు. మేం చూసుకోకుండా రెండు డబ్బాలు కొన్నాం. గురువారం రాత్రి ఉప్మా పక్క టెంటు ఆయన స్టవ్వు మీదే ఉడికింది. ఆయనకీ ఒక గిన్నె ఇచ్చాం, ఆవకాయ మాత్రం జాగ్రత్తగా కొంచెమే వేశాం.

ఇక ఆదివారం రాత్రి ఫ్లైట్. 2016లో మూడు నిమిషాలు మిగిలుండగా ముందున్న టొయోటా శక్తి కోల్పోయి ఆగిపోయింది, పోర్షె గెలిచింది. 2024లో 24 గంటల తర్వాత మొదటి కారుకీ రెండో కారుకీ తేడా సుమారు 14 సెకన్లు. తొమ్మిది కార్లు ఒకే ల్యాప్‌లో, అంటే ట్రాక్ చుట్టూ అన్నే చుట్లు తిరిగి ముగించాయి. మా వెనక నిలబడ్డ ఒక కుటుంబం రైలు కోసం మూడింటికే బ్యాగులు తగిలించుకుని, వెళ్ళలేక వెళ్ళలేక వెనక్కి చూసుకుంటూ వెళ్ళింది. రేసయ్యాక జనాన్ని ట్రాక్ మీదకి వదులుతారు. తారు మీద చిన్న చిన్న రబ్బరు ఉండలు బూటు కింద నలుగుతుంటాయి. మా బావ ఒకటి తీసి జేబులో వేసుకున్నాడు, ఇప్పటికీ వాళ్ళింట్లో టీవీ పక్కనే ఉంది. తర్వాత పార్కింగుల్లోంచి బయటపడే కార్ల వరస గంటల తరబడి కదలదు.

ఆ రాత్రి కూడా టెంటులోనే పడుకుని, సోమవారం మధ్యాహ్నానికి ప్యారిస్ చేరేలా చూసుకుని, ఫ్లైట్ మంగళవారానికి పెట్టుకోండి. తడి టెంటు ఆరడానికి కాస్త ఎండ కావాలి, మడవడానికి ఇద్దరు మనుషులు కావాలి.