పడవ వెనక్కి, పరువు పక్కకి

తెరచాప పడవకు ఇంజిన్ బిగించినవాడు మేధావి. దానికి రివర్స్ గేరు కూడా పెట్టినవాడి ఉద్దేశం మాత్రం నాకు ఈనాటికీ అంతుబట్టలేదు. పడవలు కట్టే జెట్టీ మీద ఒక్క సాయంత్రం నిలబడితే చాలు, అది చూసేవాళ్ల వినోదం కోసమే పెట్టారన్న అనుమానం బలపడుతుంది.

ముందుకు వెళ్లేటప్పుడు అంతా సవ్యమే. ప్రొపెల్లర్ తోసే నీళ్లు నేరుగా వెళ్లి చుక్కానిని తాకుతాయి కాబట్టి, పడవ సరిగ్గా కదలకముందే చుక్కాని మాట చెల్లుతుంది. గేరు వెనక్కి వేయగానే ఆ నీళ్లు ముక్కు వైపు పారిపోతాయి. చుక్కాని చుట్టూ చలనం లేని నీరే మిగులుతుంది. ఒకటి రెండు నాట్ల (గంటకు రెండు నుంచి నాలుగు కిలోమీటర్ల) వేగమైనా అందుకునేదాకా కెప్టెన్‌ది సంతకం చేసే అధికారం లేని పదవి. కుర్చీ ఉంటుంది, చక్రం ఉంటుంది, ఆయన గంభీరంగా తిప్పుతూనే ఉంటాడు.

అధికారం ఖాళీగా ఉంటే ఎవరో ఒకరు ఆక్రమిస్తారు గదా! ఇక్కడ ఆక్రమించేది ప్రొపెల్లర్. ముందుకు నడిపేటప్పుడు, వెనకనుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపు తిరిగే ప్రొపెల్లర్ రివర్స్‌లో పడవ వెనుక భాగాన్ని ఎడమకు ఈడుస్తుంది. ఎక్కువ పడవల్లో ఉండేది ఈ రకమే. వెనక్కి రమ్మని మర్యాదగా పిలిస్తే పక్కకు వస్తుందన్నమాట. మడత ప్రొపెల్లర్ పెట్టుకున్నవారి కథ వేరు. తెరచాపతో వెళ్లేటప్పుడు నీటికి అడ్డు తగలకూడదని కొన్న ఆ సొగసైన వస్తువు, ఆగవలసిన సమయానికి రెక్కలు పూర్తిగా విప్పడానికి మొహమాటపడుతుంది.

రెండో వాటాదారు గాలి. కీల్ అనే అడుగు రెక్క పడవ నడుమ దగ్గర లోతుగా దిగి ఉంటుంది, ముక్కేమో నీటి మీద తేలికగా ఉంటుంది. కాస్త గాలి వీస్తే ముక్కు అటు కొట్టుకుపోతుంది, వెనుక భాగం గాలికి ఎదురు తిరుగుతుంది. ఆ వెనుక భాగానికి తెలుగులో అమరం అని పేరు. పెట్టినవాళ్లెవరో దాన్ని ఇంజిన్‌తో వెనక్కి నడిపి ఉండరు.

నేను మొదటిసారి 10 మీటర్ల పడవను వెనక్కి నడిపిన రోజున, చుక్కాని పట్టు దొరకాలంటే వేగం కావాలన్న సూత్రాన్ని భక్తితో పాటించాను. పట్టు దొరికింది. దొరికింది నాకు కాదు, నీటికి. వెనక్కి పోయేటప్పుడు చుక్కాని రెక్క వెనక అంచు నీటికి ఎదురుగా ఉంటుంది. కాస్త వాలిందా, నీరు దాన్ని చివరిదాకా తోసేస్తుంది. చుక్కానిని తిప్పే టిల్లర్ కర్ర నా చేతిలోంచి జారి డొక్కలో పొడిచింది. పక్క పడవలో ఒక పెద్దాయన తాగుతున్న కప్పును కింద పెట్టాడు. తొందరేమీ లేదు. కప్పు దొర్లకుండా చూసుకుని, పడవకు దెబ్బ తగలకుండా అడ్డుపెట్టే ఫెండర్ తీసుకుని, నా పడవ ఎక్కడ తగులుతుందో సరిగ్గా అక్కడికి వచ్చి నిలబడ్డాడు. నాకే తెలియని నా గమ్యం ఆయనకు ముందే తెలుసు.

నిపుణుల సలహాలు లేకపోలేదు. కాస్త ఇంజిన్ ఇచ్చి కదిలించు, కదలగానే న్యూట్రల్ చెయ్యి, ప్రొపెల్లర్ లాగుడు ఆగి చుక్కానికి అవకాశం వస్తుంది అంటారు. నిజమే, పనిచేస్తుంది. వెనుక భాగం ఎటూ ఎడమకే పోతుంది గనుక ఎడమ పక్కనే జెట్టీ ఉండేలా చూసుకో అని కూడా అంటారు. ఇదీ పనిచేస్తుంది. పడవ ఎలాగూ చేయబోయే పనిని ముందే మనం ఆజ్ఞగా ప్రకటించడం ఇందులోని కిటుకు. పాలనలో అనుభవం ఉన్నవారికి వేరే శిక్షణ అక్కర్లేదు.

అందుచేత నా ప్రతిపాదన ఒక్కటే. వెనక్కి నడిచిన పడవ ఎక్కడ ఆగితే అదే కెప్టెన్ కోరుకున్న చోటని చట్టం చేయాలి. జెట్టీ మీద ఉన్నవారు ఆ కాసేపూ ఆకాశం వైపు చూడాలి.

ఆ రోజు నా పడవ చివరికి నాది కాని గడిలో, అడ్డంగా ఆగింది. పెద్దాయన తాడు అందుకుని, "ఇక్కడే కదండీ కట్టేది?" అన్నాడు.

"అవునండీ, ఇక్కడే" అన్నాను.