సమ్మెటల విందును కళాసేవ అనడం తగదు

పారిస్‌లోని రాయల్ మోన్సో హోటల్ గురించి ఒక పోస్టు కొన్నాళ్లుగా వాట్సాప్‌లో చక్కర్లు కొడుతోంది. పునరుద్ధరణకు ముందు 2008లో ఆ హోటల్ ఇచ్చిన ‘కూల్చివేత విందు’ చరిత్రలో నిలిచిపోయే కళా ప్రదర్శన అని దాని సారాంశం. పగలగొట్టడమూ కళేనట. ఎలాగూ తీసేసే గోడలే కాబట్టి నష్టం లేదట. కళాకారులకు మేలు జరిగిందట. ఇంత హంగు చేయకపోతే పాత హోటల్‌ను ఎవరూ పట్టించుకోరట. వీటిలో ఒక్కటి సగం నిజం. మిగతావాటిని ఒప్పుకోలేను.

ముందు జరిగిందేమిటో చూద్దాం. రాయల్ మోన్సో 1928లో తెరిచిన హోటల్. దాన్ని కొన్న అలెగ్జాండర్ అలార్, పునరుద్ధరణ బాధ్యతను డిజైనర్ ఫిలిప్ స్టార్క్‌కు అప్పగించారు. 2008 జూన్‌లో హోటల్ మూతపడగానే నగరంలోని పెద్దలను పిలిచి, తలకు హెల్మెట్లు పెట్టి, చేతికి సమ్మెటలిచ్చి గదుల్లోకి వదిలారు. కొందరు కళాకారుల చేత ఆ సందర్భానికి ప్రత్యేకంగా కళాకృతులు కూడా చేయించారు.

‘పగలగొట్టడమూ కళే’ అన్న మాట దగ్గరే నాకు ఎక్కువ పేచీ. విధ్వంసం నుంచి కళను పుట్టించినవాళ్లు లేకపోలేదు. అదే పారిస్‌లో 1975లో గోర్డన్ మాటా-క్లార్క్ అనే అమెరికన్ కళాకారుడు, పాంపిడూ కళా కేంద్రం కడుతున్న స్థలం పక్కనే కూల్చివేతకు సిద్ధంగా ఉన్న రెండు పదిహేడో శతాబ్దపు ఇళ్లను ఎంచుకున్నాడు. గోడలను, అంతస్తులను తొలుచుకుంటూ శంకువు ఆకారంలో పెద్ద బిలం చేశాడు. వీధిలో పోయేవాళ్లు తలెత్తి చూస్తే ఇంటి లోపలి పొరలన్నీ కనిపించేవి. ఆ పేట అప్పటికే తన పాత మార్కెట్‌ను పోగొట్టుకుంది. కొత్త నగరం కోసం ఏయే ఇళ్లు పోతున్నాయో ఆ బిలం దారినపోయే ప్రతి ఒక్కరికీ చూపించింది. ఎక్కడ కోయాలో, ఎంత కోయాలో, ఎందుకు కోయాలో ఆయన ముందే ఆలోచించుకున్నాడు. చూడటానికి ఎవరికీ ఆహ్వానపత్రం అక్కర్లేదు. హోటల్ విందులో ఇవేవీ లేవు. చేతికి అందిన గోడను అతిథి మోదాడు, ఫొటో దిగాడు. సరదా పడితే పడ్డారు, ఆ సరదాకు మాటా-క్లార్క్ లాంటివాళ్ల వారసత్వం అంటగట్టడం ఆ కళాకారుల శ్రమను తక్కువ చేయడమే.

‘ఎలాగూ తీసేసేవే కదా’ అన్నది సగం నిజం. లోపలి భాగాలను పూర్తిగా మార్చాలని ముందే నిర్ణయించారు. సామాను వేలానికి పెట్టారు కూడా. దాన్ని తప్పుపట్టను. కానీ గోడలు కూల్చడం కొందరికి బతుకుతెరువు. దుమ్ము పీలుస్తూ, నడుం విరిగేలా రోజంతా వాళ్లు చేసే పనిని ఒక్క పూట వినోదంగా మార్చి, దానికి కళ అని పేరు పెట్టడం నాకు మింగుడు పడదు.

కళాకారులకు మేలు సంగతి. 2010 అక్టోబరులో మళ్లీ తెరిచాక రాయల్ మోన్సోలో కళల పుస్తకాల దుకాణం, సినిమా హాలు, గోడల మీద సమకాలీన కళాకృతులు వచ్చాయి. మంచిదే. అయితే అవి రోజూ హోటల్ నడిపే తీరు వల్ల దక్కిన మేలు. ఆ ఖాతాను సమ్మెటల విందుకు రాయడం సరికాదు.

ఇక ‘హంగు లేకపోతే ఎవరూ చూడరు’ అన్న వాదన. 2010లోనే మన దేశంలో రెండు హోటళ్లు తలుపులు తెరిచాయి. ముంబై తాజ్‌లో 2008 నవంబరు దాడుల మంటలకు దెబ్బతిన్న పాత భవనం ఆగస్టు 15న తిరిగి తెరుచుకుంది. అక్కడి చిత్రాల సేకరణలో పొగకు, తేమకు పాడైనవాటిని నిపుణులు ఒక్కొక్కటిగా శుభ్రం చేసి బాగుచేశారు. ఆ తర్వాత నవంబరులో హైదరాబాద్ ఫలక్‌నుమా వంతు వచ్చింది. 1884లో నిజాం కొలువులోని ప్రముఖుడు వికారుల్ ఉమ్రా కట్టడం మొదలుపెట్టిన ఆ ప్యాలెస్ నిజాం చేతికి వచ్చి, ఆపైన దశాబ్దాల పాటు మూసి ఉండిపోయింది. నిజాం వంశపు కోడలు యువరాణి ఎస్రా పర్యవేక్షణలో దాన్ని పునరుద్ధరించడానికి దాదాపు పదేళ్లు పట్టింది. నూట ఒక్క మంది ఒకేసారి కూర్చునే భోజనాల బల్ల, షాండ్లియర్లు, చెక్కడపు పైకప్పులు ఇవాళ చూడగలుగుతున్నామంటే కారణం ఆ పదేళ్ల ఓపిక. అక్కడ గది అద్దె సామాన్యుడికి అందదు, నిజమే. అయినా ఆ పని చేసినవాళ్ల నైపుణ్యం కళ్లెదుట ఉంది. ఫలక్‌నుమా పేరు దేశదేశాలకు తెలియడానికి ఒక్క గోడనూ అతిథుల చేత పగలగొట్టించలేదు.