చేరగానే ఫోన్ చెయ్యమనే మనమే

మన తెలుగు సంఘం ఉగాది సభలో ఫొటో పోటీ బహుమతుల దగ్గర ఏం జరిగిందో అందరూ చూశారు. స్కాట్లాండ్‌లో గ్లెన్‌కో దగ్గరి బుకిల్ ఎటివ్ మోర్ కొండ మీద అప్పుడే పడుతున్న ఎండ, కింద లోయ నిండా పొగమంచు, ముందు చిన్న ఆకుపచ్చ గుడారం. మొదటి బహుమతి ఆ ఫొటోదే. ఆ అమ్మాయి ఒక్కతే వెళ్లి, రాత్రి కొండ మీద పడుకుని దాన్ని తీసిందని తెలియగానే పెద్దాయన ఒకరు మైకు అందుకున్నారు. "ఏదైనా అయితే మీ అమ్మానాన్నలకి ఎవరు సమాధానం చెబుతారమ్మా?" అన్నారు. ఆ పిల్ల జ్ఞాపిక పట్టుకుని మాట్లాడకుండా దిగిపోయింది. వారం తిరక్కుండా కార్యవర్గం నుంచి కబురు: వచ్చే ఏడాది నుంచి ఒంటరి ప్రయాణాల్లో తీసిన ఫొటోలు పోటీకి తీసుకోరట.

పెద్దాయన భయంలో తప్పేమీ లేదు. ఒంటరిగా ఉన్నప్పుడు చీలమండ బెణికినా అది పెద్ద ప్రమాదమే. కానీ ఈ తీర్మానం చూసి కొండలకి వెళ్లేవాళ్లు ఆగరు, ఇంట్లో చెప్పడం మానేస్తారు. ఒంటరిగా వెళ్లేవాళ్లకి ఇంట్లో విషయం తెలిసిన మనిషిని మించిన రక్షణ లేదు. దాన్నే మనం చేజేతులా తీసేస్తున్నాం.

పైగా ఇది చాటుమాటు వ్యవహారం కాదు. స్కాట్లాండ్‌లో 2003 నాటి భూసంస్కరణల చట్టం కొండల్లో గుడారం వేసుకునే హక్కు ఇచ్చింది. కొద్దిమందే ఉండాలి, ఒకచోట రెండు మూడు రాత్రులు మించకూడదు, ఇళ్లకీ రోడ్లకీ దూరంగా వేసుకోవాలి, ఆనవాలు మిగల్చకూడదు. లాక్ లోమండ్ సరస్సు చుట్టూ కొన్నిచోట్ల మాత్రం మార్చి నుంచి సెప్టెంబరు దాకా పర్మిట్ కావాలి. ఇంగ్లండ్, వేల్స్‌లలో భూయజమాని అనుమతి లేనిదే కుదరదు. ఇంగ్లండ్‌లోని డార్ట్‌మూర్ మాత్రం మినహాయింపు, అక్కడున్న హక్కుని 2025 మేలో బ్రిటన్ సుప్రీంకోర్టు నిలబెట్టింది.

అలాంటి ఫొటో అదృష్టం కొద్దీ దొరకదు. లోయలో పొగమంచు నిలవాలంటే గాలి లేని, మబ్బు లేని రాత్రి కావాలి. మామూలుగా 1000 మీటర్లు ఎక్కితే 6.5 డిగ్రీల దాకా చలి పెరుగుతుంది. ఇలాంటి రాత్రుల్లో లెక్క తిరగబడుతుంది. చల్లగాలి బరువెక్కి కిందికి జారి లోయలో పేరుకుంటుంది, పైన కాస్త వెచ్చగా ఉంటుంది. గుడారం గుంటలో వేయకూడదనేది కూడా ఇందుకే. కొంచెం మెరకలో, పొడి నేల చూసి, సన్నటి వైపు గాలికి ఎదురుగా పెట్టి వేయాలి. కుళ్లిన నాచు పేరుకుని ఏర్పడిన మెత్తటి పీట్ నేలలో సన్న మేకులు ఊడొస్తాయి. వెడల్పాటివి తీసుకెళ్లి, ఏటవాలుగా, తల గుడారానికి దూరంగా వాలేట్టు దిగ్గొట్టాలి.

నడక సమయానికి 1892లో స్కాట్లాండ్ పర్వతారోహకుడు నైస్మిత్ చెప్పిన లెక్క ఇప్పటికీ పనికొస్తుంది: 5 కిలోమీటర్లకి గంట, పైన ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకీ ఇంకో గంట. 4 కిలోమీటర్లు నడిచి 550 మీటర్లు ఎక్కాలంటే గంటా ముప్పావు. వీపు మీద 15 కిలోల బరువుంటే రెండు గంటలు దాటుతుంది. సాయంత్రం వెలుగుకి అరగంట ముందు చేరినా, ఫొటోలు తీసేసరికి పొద్దుపోయి చీకట్లో గుడారంతో కుస్తీ పట్టాల్సి వస్తుంది.

పడుకునే సంచీ మీద రెండు ఉష్ణోగ్రతలు రాసి ఉంటాయి. కంఫర్ట్ అన్నదే నమ్మాలి. లిమిట్ అన్నది చూసి కొన్నవాళ్లు వణుకుతూ తెల్లవారుస్తారు. కింద చాప ఆర్-వాల్యూ (నేల చలిని ఎంత ఆపుతుందో చెప్పే అంకె) 4 అయినా లేకపోతే ఎంత మంచి సంచీ అయినా నేల వేడి లాగేస్తుంది. బ్యూటేన్ ఒక్కటే ఉన్న గ్యాస్ డబ్బా సున్నా డిగ్రీల దగ్గర మొండికేస్తుంది కాబట్టి ప్రొపేన్ కలిసినది తీసుకోవాలి. చలి ఎంతున్నా మూసిన గుడారంలో స్టవ్ వెలిగించకూడదు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

ఇక కెమెరా. చలికి బ్యాటరీ త్వరగా పడిపోతుంది. విడి బ్యాటరీలు లోపలి జేబులో, ఒంటికి ఆనుకుని ఉండాలి. చాలామంది చేసే తప్పు ఇంకోటి ఉంది: చల్లబడిన కెమెరాని నేరుగా గుడారంలోకి తేవడం. మన ఊపిరిలోని తడి గాజు మీదే కాదు, లెన్సు లోపల కూడా పట్టొచ్చు. బయటే జిప్ సంచీలో పెట్టి, గాలి తీసి మూస్తే తడి సంచీ మీదే ఆగిపోతుంది. రాత్రి చుక్కలు తీసేటప్పుడు లెన్సుకి మంచు పట్టకుండా చేతులు వేడిచేసే ప్యాకెట్ ఒకటి రబ్బరు బ్యాండుతో దాని చుట్టూ బిగిస్తే చాలు. 500ని లెన్సు మిల్లీమీటర్లతో భాగిస్తే, చుక్కలు గీతలు కాకముందు ఎన్ని సెకన్లు తెరిచి ఉంచొచ్చో వస్తుంది. 20 మిల్లీమీటర్లకి 25. ఇప్పటి సెన్సర్లకి అది ఎక్కువే, 15 మేలు. స్కాట్లాండ్ కొండసీమ హైలాండ్స్‌లో జూన్, జులైల్లో అసలు పూర్తి చీకటే పడదు. పైగా గాలి ఆగిందంటే మిడ్జ్ దోమలు ముసురుతాయి. చుక్కలకి శరదృతువే మంచిది.

మన ఇళ్లలో ప్రయాణం కట్టిన ఎవరికైనా చెప్పే మాట ఒకటే, చేరగానే ఫోన్ చెయ్యి. ఎంతో ప్రేమ ఉన్న మాట. కొండల్లో సిగ్నల్ ఉండదు కాబట్టి అది చీటీగా మారాలి. కారు ఎక్కడ ఆపేది, దాని నంబరు, వెళ్లే దారి, గుడారం వేసే చోటు గ్రిడ్ రిఫరెన్సు (మ్యాపులో ఆ చోటుని చూపే గుర్తు), వాతావరణం చెడితే దిగే దారి, గుడారం రంగు, జాకెట్ రంగు. కింద రెండు గడియలు రాయాలి: దిగొచ్చి ఫోన్ చేసే గడియ మధ్యాహ్నం 2, సాయం కోరాల్సిన గడియ సాయంత్రం 5. మధ్యలో ఆ మూడు గంటలు ఎందుకంటే, మంచు కమ్మి ఆగొచ్చు, వాగు పొంగి చుట్టు తిరిగి రావొచ్చు. గడువు మరీ దగ్గర పెడితే, పైసా తీసుకోకుండా సొంత పనులు మానుకుని కొండల్లో చిక్కుకున్నవాళ్లని కాపాడడానికి వచ్చే మౌంటెన్ రెస్క్యూ వాలంటీర్లు ఊరికే పరుగెత్తాలి. మరీ దూరం పెడితే చీకటి పడిపోతుంది.

కార్యవర్గానికి నా మనవి: ఆ తీర్మానం వెనక్కి తీసుకోండి. దాని బదులు పోటీకి వచ్చే ప్రతి ఒంటరి ప్రయాణపు ఫొటోతోపాటు ఆ చీటీ నకలు అడగండి. దసరాకి ముందు ఒక శనివారం హాల్లో గుడారం వేసి చూపించండి. ఆపదలో విజిల్ నిమిషానికి ఆరుసార్లు ఊది, నిమిషం ఆగి మళ్లీ ఊదడం నేర్పండి. రిజిస్టర్ అని ఇక్కడి అత్యవసర నంబరు 999కి మెసేజ్ పంపి, ఆ నంబరుకి ఎస్సెమ్మెస్‌తో సాయం అడిగే ఏర్పాటు అక్కడే అందరి ఫోన్లలో చేయించండి.

ఆ రోజు మైకు అందుకున్న పెద్దాయనకి కూడా ఒక విన్నపం. బాబాయ్ గారూ, ఆ అమ్మాయి ఈసారి వెళ్లేటప్పుడు చీటీ మీ దగ్గర ఉంచుకోండి. 5 గంటలకి ఫోన్ రాకపోతే 999కి చేయండి. ముందు పోలీసు కావాలని, వాళ్లు లైన్లోకి వచ్చాక మౌంటెన్ రెస్క్యూ కావాలని చెప్పండి. తర్వాత ఆ చీటీ పై నుంచి కిందికి చదివి వినిపించండి.